గోడ మీది మొదటి చొక్కా

సయ్యాదా,
మార్చి మొదటి వారం

హయాత్ అక్కకి,

ముబారకా పిన్నిని పనిలోంచి గెంటేశారు. గెంటినవాడు మా యజమాని హమాదీ. ఓవెను పక్కన అందరి ముందూ నిలబెట్టి, "చేతులు చూపించు" అని, ఆ చేతుల్ని జనానికి చూపించి మరీ గెంటాడు. జరిగిన అన్యాయమేమిటో, చేసిందెవరో ముందు రాసి పెడుతున్నాను. రేపెవరూ మాట మార్చకూడదు. మిగతాది ఇప్పుడు చదువు.

మన ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానుల జెర్సీల ఆర్డరు మా అచ్చు షెడ్డుకే వచ్చిందని పోయిన ఉత్తరంలో రాశాను కదా. ముదురెర్ర జెర్సీ, గుండె మీద పసుపు సూర్యుడు, కింద నీలం సముద్రం, రెంటికీ నడుమ రెక్కలు చాపిన తెల్ల పిట్ట. ముదురు బట్ట కాబట్టి ముందు బొమ్మంతా తెలుపు అడుగు వేశాం. వేడి పలక కింద అది కాస్త బిగిశాక మీద పసుపు, ఆ మీద నీలం. పిట్టకి మాత్రం పైన ఏ రంగూ లేదు, ఆ అడుగు తెలుపే దాని ఒళ్ళు. గుడ్డ చట్రం మీద రబ్బరు పట్టీతో పసుపు లాగింది నేను. అంచున తెలుపు వెంట్రుకంత కూడా బయటపడలేదు. రంగు గట్టిపడ్డాక ఓవెనులోంచి వస్తున్న ఒక్కో జెర్సీని పిన్ని అందుకుని, వెలుగుకి పట్టి చూసి, మడత పెట్టింది. అన్నీ పాలలా ఉన్నాయి. నేను కళ్ళారా చూశాను.

వారం తర్వాత మ్యాచి. మూటలు స్టేడియం గేటు దగ్గరే విప్పారు. పిట్ట గులాబీ రంగులో ఉంది అక్కా. ఒకటి కాదు రెండు కాదు, అన్నీ. డోలు కొట్టేవాళ్ళకి అప్పటికప్పుడు వేరే చొక్కాలెక్కడివి? అవే తొడుక్కున్నారు. అవతలి ఊరివాళ్ళు చూశారు. "ఫ్లెమింగో! ఫ్లెమింగో!" అని ఒకటే కేకలు. ఊరికే కేకలైతే పోనీలే అనుకుందును. వాళ్ళ వైపు మెట్ల మీదున్న వాళ్ళంతా ఆ గులాబీ కొంగల్లా ఒంటికాలి మీద నిలబడ్డారు. ముసలాళ్ళు కూడా, పక్కవాడి భుజం పట్టుకుని! మనం ఓడిపోయాం. ఓడకపోతే ఏమయ్యేదోగానీ, ఓడాక తప్పు ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా.

సోమవారం పొద్దున్నే హమాదీ వచ్చాడు.

"ముబారకా, నీ కూతురి పెళ్ళికి చేతులకి గోరింటాకు పెట్టుకున్నావు కదూ?"

"పెట్టుకున్నాను సీ హమాదీ. పెళ్ళికూతురి తల్లిని, పెట్టుకోనా?"

"మర్నాడే పనికి వచ్చావు."

"మీరే రమ్మన్నారు. ఆర్డరు తొందరన్నారు."

"ఆ చేతులతోనే మడతలు పెట్టావు."

"మరి ఎవరి చేతులతో పెట్టను, మీ చేతులతోనా?"

ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుకి ఆయన మొహం మాడిపోయింది. "నీ గోరింటాకు నా తెలుపుకి అంటింది. నా పాతికేళ్ళ పేరుకి అంటింది. వెళ్ళు" అన్నాడు.

అమ్మ పోయాక మనిద్దరి తలలూ దువ్వింది ఆ చేతులే. నీకు రబ్బరు పట్టీ వంచి పట్టుకోవడం నేర్పింది ఆ చేతులే. ఆ పూట అందరం పనాపి బయటికి రావాలన్నాను. ఒక్కరూ కదల్లేదు. నేను చదివిన కరపత్రాల్లో ఇలా ఉండదు. వాటిలో ఒకడు లేస్తే అందరూ లేస్తారు.

నేను ఊరుకోను. కరపత్రం రాస్తున్నాను. మొదటి వాక్యం కుదిరింది: "రంగుల కింద కనబడని తెలుపెవరు? కార్మికులే!" ఎలా ఉంది?

నీ తమ్ముడు
నౌఫల్


స్ఫాక్స్,
మార్చి రెండో వారం

నౌఫల్‌కి,

నీ ఉత్తరం అద్దెకారు మన్సూర్ నేరుగా మా రంగుల షాపుకి తెచ్చిచ్చాడు. రంగు కలుపుతున్న చేతులతోనే చదివాను. వాటితోనే రాస్తున్నాను, అందుకే ఈ కాగితం మూలన నీలం మరక.

మొదటి మాట. "హమాదీ" అని బోడిగా రాశావు. ఆయనకి నాన్న వయసుంది. కోపమొస్తే తిట్టు, కానీ "సీ హమాదీ" అని తిట్టు. ఈ పని మన ఊరికి తెచ్చిందాయన. చెక్క చట్రానికి పట్టుగుడ్డ బిగించి, ఇంటి వసారాలో ఒక్కడే లాగుతున్న రోజుల నించీ ఆయన్ని చూశాను.

రెండోది, నీ కరపత్రం. అడుగు తెలుపు ఎవరంటే, అడుగు తెలుపేరా. ప్రతిదాన్నీ నినాదం చెయ్యకు.

ఇప్పుడు నేనడిగేవాటికి తిన్నగా జవాబు రాయి. కోపం పక్కన పెట్టి, వేళ్ళతో తడిమి చూసి రాయి. ఆ గులాబీ రంగు మచ్చలుగా ఉందా, పిట్టంతా ఒకే తీరుగా ఉందా? వేళ్ళ గుర్తులు ఎక్కడైనా కనిపిస్తున్నాయా? బట్ట నూలుదా, జారుడుదా? సూర్యుడి పసుపు ఏమన్నా ముదిరిందా?

ఎందుకని అడక్కు. ఊరికే అడుగుతున్నాను.

పిన్నికి ఈ బాదం మిఠాయి ఇవ్వు. ఆవిడ కూతురు దలీలా అత్తవారింట్లో ఎలా ఉందో కనుక్కో. నేను వచ్చేదాకా గోడల మీదా, కాగితాల మీదా ఏమీ రాయకు. మన ఊళ్ళో కరపత్రం చదివేవాళ్ళ కంటే దాన్ని పోలీసులకి పట్టుకెళ్ళి ఇచ్చేవాళ్ళే ఎక్కువ.

అక్క
హయాత్


సయ్యాదా,
మార్చి చివర

అక్కా,

నీ ప్రశ్నలకి జవాబులు: ఒకే తీరుగా ఉంది. వేళ్ళ గుర్తుల్లేవు. బట్ట జారుడుది, గోకితే చిటపటమంటుంది. పసుపు నారింజకి తిరిగింది. నేను పోల్చుకోలేదు, పిన్నే పోల్చింది. పిట్ట ముక్కొకటి కోసి ఇందులో పెట్టాను, నువ్వే తడిమి చూసుకో. చాలా? పోలీసు కూడా ఇంత పొడిపొడిగా అడగడు. నీకేదో తెలుసు. తెలిసీ దాచేవాళ్ళ గురించి నా దగ్గరున్న కరపత్రంలో ఒక పేరా మొత్తం ఉంది, అది నీకు రాయను.

కాగితం మీద రాయొద్దన్నావు. సరే, చొక్కాల మీద రాశాను. సంత నుంచి నల్ల చొక్కాలు తెచ్చి, పెరట్లో పాత చట్రం పెట్టి, "గోరింటాకు నిర్దోషి" అని పసుపులో లాగాను. తెలుపు అడుగు వెయ్యలేదు. షెడ్డులోంచి తెలుపు తెస్తే దొంగతనం అవుతుంది, నేను దొంగని కాను. పసుపు మాత్రం నా సొంతం, నువ్వు పోయినేడు పంపిన డబ్బా. తడి మీద బ్రహ్మాండంగా కనబడింది. ఆరేక చూద్దును కదా, నలుపు మొత్తం తాగేసింది. దగ్గరికొచ్చి మెడ వంచి చూస్తే తప్ప ఏ అక్షరమూ లేదు. పక్కింటి పిల్లలు "నౌఫల్ ఆవాల ముద్ద ఒలకబోసుకున్నాడు" అనుకున్నారట. నవ్వుకో. నవ్వుతావని నాకు తెలుసు.

అయినా ఒకటి పిన్నికి చూపించాను. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఏముంది దీని మీద?"

"నీ గురించే పిన్నీ. ఊళ్ళో అందరం తొడుక్కుంటాం."

"నన్ను చొక్కా మీద వేస్తావా? నేనేమన్నా సబ్బు బిళ్ళనా?"

"న్యాయం కోసం పిన్నీ!"

"న్యాయం తర్వాత. అడుగు వెయ్యకుండా రంగెందుకు లాగావురా సన్నాసీ? మీ అక్కకి నేర్పినంత నీకు నేర్పలేకపోయాను" అంది. ఆ తర్వాత చొక్కా నా చేతిలో పెట్టి, మొహం తిప్పుకుంది.

దలీలా సంగతి అడిగావు. వాళ్ళత్త పైకి ఒక్క తిట్టూ తిట్టదట. వంటింట్లోకి రానివ్వకుండా, "నీ చేతులకి ఇంకా ఎరుపుంది, పిండి ముట్టుకోకు" అంటుందట. పెళ్ళై నెల దాటిందంతే. ఊళ్ళో కుర్రాళ్ళు ఆ ఇంటి ముందు నుంచి వెళ్తూ ఒంటికాలి మీద గెంతుతున్నారు. పిన్ని బావి దగ్గరికి కూడా రావడం మానేసింది. చేతుల్ని నిమ్మకాయతో, ఇసకతో తోముతోంది. నేను తలుపు సందులోంచి చూశాను.

ఇంకా "ఊరికే అడుగుతున్నాను" అంటావా?

నౌఫల్


స్ఫాక్స్,
ఏప్రిల్ మొదటి వారం

నౌఫల్‌కి,

షాపులో తీరిక లేదు, అందుకే ఈ నాలుగు ముక్కలు. నాకేం తెలుస్తుందిరా, నేను ఇక్కడ డబ్బాల మధ్య ఉన్నాను. తెలియకుండా మాటంటే అది పిన్నికే చుట్టుకుంటుంది.

ఒక్కటి చెప్తాను. షెడ్డు చీకటి మూలన, ఎత్తున గోడ మీది చొక్కాని ఎప్పుడైనా దీపం వేసి చూశావా? ఏ ఆర్డరుకైనా మొదటి చొక్కా సీ హమాదీయే బిస్మిల్లా అని స్వయంగా లాగి, స్వయంగా మేకుకి తగిలిస్తాడు. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే బరకత్తు పోతుంది, ఆర్డరు కలిసిరాదని ఆయన నమ్మకం. అంటే ఈ జెర్సీలలో పిన్ని చెయ్యి తగలనిది అదొక్కటే.

వెళ్ళి చూడు. ఒక్కడివే వెళ్ళు. చూసి నాకు రాయి. ఎవరితోనూ అనకు.

పిన్నితో ఇసక వద్దని చెప్పు. ఆలివ్ నూనె రాసుకోమను.

హయాత్


సయ్యాదా,
ఏప్రిల్ రెండో వారం

హయాత్‌కి,

అక్కా అని రాయబుద్ధి కావడం లేదు.

ఒక్కడివే వెళ్ళమన్నావు. నేను వెళ్ళలేదు. సత్యాన్ని ఒక్కడే చూస్తే ఏం లాభం, జనం చూడాలి కదా! కాఫీ కొట్లో బల్ల మీద చెయ్యి వేసి గట్టిగా చెప్పాను: "సీ హమాదీ తన చేత్తో లాగిన చొక్కా గోడ మీద ఉంది, ముబారకా పిన్ని దాన్ని ముట్టుకోలేదు, అది కూడా గులాబీ రంగే అయితే గోరింటాకు తప్పేమిటి?" నిజంగా అంత బాగా మాట్లాడతానని నాకే తెలియదు. పేకాట ఆపారు. డోలు వాయించే లస్సాద్, మంగలి షాద్లీ బాబాయి, ఇంకా చేపల వాళ్ళు, అందరూ నా వెనక షెడ్డుకి నడిచారు. దారిలో పిల్లలు కలిశారు. ఊరేగింపంటే అదేననుకున్నాను.

సీ హమాదీ తలుపు తీసి, దీపం వేశాడు.

తెల్లగా ఉంది. మేకుకి వేలాడుతూ, పాలలా, ఉప్పులా, పిట్ట తెల్లగా ఉంది.

ఆయన చొక్కా అంచు పట్టుకుని జనం వైపు తిప్పాడు. "ఇది నా చెయ్యి" అన్నాడు. "ఆవిడ చెయ్యి తగలనిది ఇదొక్కటే. చూశారుగా? కుర్రాడు నాకు మేలే చేశాడు. నేను చెప్తే నమ్మనివాళ్ళు కూడా ఇప్పుడు నమ్ముతారు."

లస్సాద్ నా భుజం తట్టి, "పోనీలేరా, నీ వల్ల ఒక నడక అయింది" అన్నాడు. అందరూ నవ్వారు. సీ హమాదీ మాత్రం నవ్వలేదు, అది ఇంకా ఘోరం.

ఇప్పుడు ఊరంతా రుజువైందనుకుంటోంది. రుజువు చూపించింది నేను! అన్యాయం చేసింది ఆయనైతే, దానికి మేకు కొట్టింది నేను. దలీలాని వాళ్ళాయన "నాలుగు రోజులు అమ్మ దగ్గరుండు, నోళ్ళు ఆగాక తీసుకెళ్తాను" అని తెచ్చి దింపాడు. ఎన్ని నాలుగు రోజులో చెప్పలేదు. పిన్ని నాకు తలుపు తియ్యలేదు. లోపలి నించే అంది: "వెళ్ళు నాయనా. నువ్వు నా కోసం చేసేవి ఇంక చాలు."

నువ్వు చూడమంటేనే చూశాను. నువ్వు అక్కడ కూర్చుని సగం మాటలు పంపుతావు, మిగతా సగం మింగుతావు. స్ఫాక్స్ నీళ్ళు తాగి స్ఫాక్స్ దానివైపోయావు. తెలిస్తే మొత్తం రాయి. తెలియకపోతే ఇంకెప్పుడూ రాయకు.

నౌఫల్


స్ఫాక్స్,
ఏప్రిల్ మూడో వారం

నా తమ్ముడికి,

నువ్వు తిట్టినవన్నీ పడతాను. ఒక్కటి తప్ప: ఒక్కడివే వెళ్ళమని రాశాను, ఊరేగింపు నీదే.

మొత్తం రాయమన్నావు. ఇదిగో.

ఆ బట్ట నూలు కాదు, పాలిస్టర్. నూలుకి వేసిన రంగు నూలులోనే ఉంటుంది. పాలిస్టర్‌కి వేసిన ఎరుపు మాత్రం గట్టిగా వేడి తగిలితే ఆవిరై పైకి లేస్తుంది. పైన మన తెలుపు మెత్తగా, దళసరిగా కూర్చుని ఉంటుంది, అందులోకి ఎక్కుతుంది. ఓవెనులోంచి వచ్చినప్పుడు ఏమీ కనబడదు, అందుకే మీ అందరికీ పాలలా కనిపించాయి. వేడి ఆరకుండానే ఒకదాని మీద ఒకటి పేర్చి మూట కట్టారు. మూటలో వారం రోజులపాటు ఎక్కుతూనే ఉంది. పసుపు నారింజకి తిరగడం కూడా అందుకే, దాని కింద తెలుపు ఎర్రబడింది. ఇలాంటి బట్టకి తెలుపు కింద బూడిద రంగు అడుగు ఒకటి వెయ్యాలి. ఆ బూడిద రంగు ఎరుపుని ఆపుతుంది. దాని మీద తెలుపు, దాని మీద రంగులు.

మరి గోడ మీది చొక్కా ఎందుకు తెల్లగా ఉందంటావు. నీ ఉత్తరం చదివి ఆ పూట తిండి మానేసి ఆలోచించాను. నేనే ఎంత తెలివితక్కువగా రాశాను! మొదటి చొక్కాని ఎవరూ తొడుక్కోరు, ఉతకరు. అందుకని దాన్ని ఓవెనులోకి పంపరు. వేడి పలక కింద రంగు బిగిసిందంటే చాలు, నేరుగా మేకుకి. ఆ పలక వేడి నాలుగు క్షణాలది, ఎరుపుని లేపేంత కాదు. ఆ షెడ్డులో అన్నేళ్ళు పని చేసి, ఎన్నో మొదటి చొక్కాలకి మేకులు అందించి, ఈ సంగతి నాకు తట్టలేదు.

ఇక నేను మింగిన సగం. ఆ తెలుపు డబ్బా అమ్మింది నేనే. ఫిబ్రవరిలో సీ హమాదీ స్వయంగా మా షాపుకి వచ్చాడు. బట్ట ముక్క ఒకటి తెచ్చిచ్చాడు. నేను గీసి చూసి, "సీ హమాదీ, దీనికి బూడిద అడుగు కావాలి, మామూలు తెలుపు వద్దు" అన్నాను.

"తెలుపు కింద బూడిదేమిటే? ఇల్లు కాలిందా?" అన్నాడు.

"ఎరుపు ఎక్కుతుంది."

"నీకు పాలపళ్ళు రాకముందు నించీ లాగుతున్నాను. పోయినసారి రంగు ఉతుకులో పెళుసుబారింది, ఈసారి ఓవెను బాగా పెంచుతాను, అంతే కావలసింది. ఇవ్వవే డబ్బా" అని నెత్తి మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. నేను ఇంకో మాట అనలేదు. ఆయన నాకు గురువు.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజునే అనుమానం వచ్చింది. మా యజమాని రిదా గారితో అన్నాను. "సీ హమాదీ మనకి పెద్ద బేరం. నువ్వు నోరు విప్పితే రేపు తీరంలో ఒక్క షెడ్డు మన దగ్గర కొనదు. నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. నా పని నేను చూసుకున్నాను. ఆ మాట నీకు రాయలేక, ప్రశ్నలు రాశాను. ఇక్కడ నాకు ఒక గది ఉంది, నా పేరు మీద తాళం చెవి ఉంది, మా వీధిలో అలాంటి ఆడపిల్లని నేనొక్కదాన్నే. పోతుందని భయపడ్డాను.

నువ్వు పంపిన గులాబీ పిట్ట ముక్కని ఎదురుగా పెట్టుకుని, ఆ ఫిబ్రవరి బట్ట ముక్కని మొన్న మా ఓవెనులో నేనే వేసి చూశాను. సగానికి మామూలు తెలుపు, సగానికి కింద బూడిద. మొదటి రోజు రెండూ తెలుపే. మూడో రోజు ఒక సగం, ఇక్కడి ఉప్పు మడుల్లో నిలబడే ఫ్లెమింగోల రంగుకి వచ్చింది. నీ మీద ఒట్టు, నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆ ముక్క రిదా గారి బల్ల మీద పెట్టాను. "సయ్యాదా వెళ్ళి ఇది చెప్తాను" అన్నాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వెళ్తే మళ్ళీ రావాలో వద్దో నువ్వే ఆలోచించుకో" అన్నాడు. ఆలోచించుకోవడం అయిపోయింది.

కానీ నా ముక్క సాక్ష్యంగా చెల్లదు. అది నేను చేసింది, నేను పిన్ని మనిషిని. అందరూ నమ్మేది గోడ మీది చొక్కానే. అది ఓవెనులోకి వెళ్ళాలి. సీ హమాదీ చేత్తోనే వెళ్ళాలి. దొంగిలించకు, కేకలెయ్యకు, కాఫీ కొట్టుకి వెళ్ళకు. ఆయన దగ్గరికి తలవంచుకుని వెళ్ళి అడుగు. తన చేతి మీద ఆయనకి ఎంత గర్వమో నీకు తెలుసు. ఆ గర్వాన్నే అడుగు.

ఒక్కసారి, నౌఫల్, ఒక్కసారి అడుగు వేసి ఆ తర్వాత రంగు లాగు.

అక్క
హయాత్


సయ్యాదా,
ఏప్రిల్ ఆఖరి సోమవారం

అక్కకి,

నీ ఉత్తరం చదివాక నీ మీద చాలా కోపమొచ్చింది. రేవు దాకా నడిచి, తిరిగొచ్చి, మళ్ళీ చదివాను. తాళం చెవి దగ్గర ఆగిపోయాను. నాకు ఎప్పుడూ ఏమీ పోయే భయం లేదు కాబట్టే నేనింత గట్టిగా అరుస్తున్నానేమో. దీని గురించి కరపత్రాల్లో ఏమీ లేదు.

ఇవాళ పొద్దున వెళ్ళాను. తల వంచడం నాకు రాదు, మెడ నొప్పి పుట్టింది. అయినా వంచాను.

"సీ హమాదీ, ఒక మాట."

"మళ్ళీ ఊరేగింపా?"

"లేదు. గోడ మీది చొక్కా మీ చెయ్యి. పిన్ని దాన్ని తాకలేదు. మిగతా వాటికీ దానికీ ఇంకో తేడా ఉంది. అవి ఓవెనులోంచి వెళ్ళాయి, ఇది వెళ్ళలేదు."

రబ్బరు పట్టీ తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"మీరే దాన్ని ఓవెనులో వెయ్యండి. అవతల కూడా మీరే అందుకోండి. మేమెవరం ముట్టుకోం. శుక్రవారం దాకా తెల్లగా ఉంటే, నేనే కాఫీ కొట్లో నిలబడి పిన్నిదే తప్పని చెప్తాను. పని మానేస్తాను. ఊరు కూడా వదిలేస్తాను."

"నువ్వు ఊరొదిలితే నాకేం ఒరుగుతుందిరా?" అన్నాడు. తర్వాత, "ఎవరు చెప్పారు నీకిది?"

"అక్క."

స్టూలు తెచ్చుకుని, ఎక్కి, తనే చొక్కా దింపాడు. దుమ్ము దులిపాడు. ఆ రోజున్నంత వేడికి ఓవెను పెట్టాడు. ఆడవాళ్ళందరూ మిషన్లు ఆపి వచ్చారు, ఎవరూ చెప్పకుండానే చేతులు వెనక్కి కట్టుకున్నారు. చొక్కా బెల్టు మీద లోపలికి వెళ్ళింది. ఆయన ఓవెను చుట్టూ తిరిగి అవతలి మూతి దగ్గర నిలబడ్డాడు. రెండు చేతులూ చాపి, పురిటి గది బయట నిలబడ్డ తండ్రిలా నిలబడ్డాడు. నాకు అరవాలనిపించింది. గెలిచాననో, ఓడాననో, ఏదో ఒకటి. నేనూ చేతులు వెనక్కి కట్టుకున్నాను.

వేడివేడిగా బయటికి వచ్చింది. తెల్లగానే ఉంది. ఆడవాళ్ళలో ఒకావిడ నిట్టూర్చింది. వేడి మీదే, ఆ రోజు మూట కట్టినట్టే మడిచి, సంచిలో చుట్టాడు. షాద్లీ బాబాయిని పిలిపించి, మంగలి కొట్లో కత్తుల బీరువాలో పెట్టించి, తాళం వేయించి, తాళం చెవి బాబాయి మెళ్ళోనే వేయించాడు. "శుక్రవారం నువ్వే తియ్యి. నేను తీస్తే మార్చానంటారు, కుర్రాడు తీస్తే వాడు మార్చాడంటారు. నువ్వు ఎవరి పీక దగ్గరైనా కత్తి పెట్టేవాడివి, నిన్ను అందరూ నమ్మాలి" అన్నాడు.

నేను వెళ్ళిపోతుంటే వెనక నించి పిలిచాడు. గోడ వైపు చూస్తున్నాడు, మేకు వైపు.

"ఆ బూడిద రంగు... హయాత్ ఎంత పలచగా వెయ్యాలంది?"

"తెలీదు సీ హమాదీ. వచ్చి చెప్తుంది."

"ఊఁ" అన్నాడు. ఓవెను తనే ఆర్పాడు.

అక్కా, అప్పుడు ఆయన మొహం నీకు చూపించాలి. మొదటి ఉత్తరంలో చేసినవాడి పేరు రాశాను కదా, ఇప్పుడు ఆ పేరు కరపత్రంలో దోషిగా వెయ్యను. నిజం చూడ్డానికి తన చొక్కా తనే దింపిన మనిషి ఆయన. కానీ పిన్నిని పిలిచి ఆ మాట అనాల్సింది కూడా ఆయనే, అదీ అందరి ముందూ. అంతవరకూ నేను ఒప్పుకోను. ఆ రోజు చేతులు అందరి ముందే కదా చూపించింది.

అక్కడి నించి పిన్ని ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది. జరిగింది చెప్పాను, నువ్వు రాసింది మొత్తం, ఎరుపు ఆవిరై ఎక్కడంతో సహా. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. నీ తాళం చెవి దగ్గర మాత్రం కళ్ళు తుడుచుకుంది. "పిచ్చిది, నాకు చెప్తే సరిపోయేదిగా" అంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. తోమి తోమి చర్మం లేచింది, గోరింటాకు మాత్రం గోళ్ళ మీద ఇంకా అలాగే ఉంది.

"తెల్లగానే ఉంటేనో?" అంది.

"ఉండదు పిన్నీ."

"ఉంటేనో?"

అప్పుడు లోపల్నించి దలీలా గిన్నె తెచ్చింది. కొత్తగా కలిపిన గోరింటాకు. "తెల్లగా ఉన్నా, ఎర్రగా ఉన్నా, అమ్మా, నువ్వు అక్కడికి దాచుకున్న చేతులతో వెళ్ళకూడదు" అంది. పిన్ని కూతురి ముందు రెండు అరచేతులూ చాపింది.

ఈ సంగతి ఎలా పాకిందో తెలియదు, సాయంత్రానికి షెడ్డు ఆడవాళ్ళంతా గిన్నెలు పట్టుకుని ఆ ఇంటికే వచ్చారు. ఆ పొద్దు పనాపమంటే కదలనివాళ్ళే! నన్ను వాకిట్లోకి తరిమేశారు. "మగాడికి ఇక్కడేం పని, వెళ్ళి నీ కాగితం రాసుకో" అన్నారు. రాసుకున్నాను. ఈసారి పిన్ని చదివించుకుని, రెండు మాటలు కొట్టేయించింది. "కార్మికులారా" తీసేయమంది, "ఇరుగుపొరుగూ" అని పెట్టమంది. నల్లగుడ్డ మీదే వేశాను. సీ హమాదీని అడిగి తెలుపు తెచ్చుకున్నాను, కాదనలేదు. ముందు తెలుపు. బిగిసేదాకా ఆగాను. ఆగడం ఎంత కష్టమో! ఆ తర్వాతే పసుపు. వీధి చివర నించి కూడా చదవొచ్చు. ఇప్పుడు కాఫీ కొట్టు ముందు వేలాడుతోంది. నీ కోసం ఇక్కడ దించి రాస్తున్నాను. మన్సూర్ కారు శుక్రవారం పొద్దున్నే అక్కడ బయల్దేరుతుంది, నీకు ముందు సీటు ఉంచమన్నాను. బూడిద డబ్బా తీసుకురా. నీ గది తాళం చెవి కూడా తీసుకురా. పోతే పోనీ, లేదా ఉంటే ఉండనీ, అది నీ చేతిలో ఉండగా జనం నిన్ను చూడాలి.

ఇరుగుపొరుగూ,
గోడ మీది చొక్కా ఓవెనులోంచి వచ్చింది. అది ఏ రంగులో ఉందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలంటే శుక్రవారం రండి. జుమ్మా నమాజు వదిలాక, మధ్యాహ్నం రెండు గంటలకి, షాద్లీ మంగలి కొట్టు ముందు. ముబారకా వస్తుంది. సీ హమాదీ వస్తాడు. ఒంటికాలి మీద నిలబడ్డవాళ్ళు రెండు కాళ్ళ మీదా రండి. ఆడవాళ్ళు గోరింటాకు పెట్టుకున్న చేతులతో రండి.